ఇంట్లో పుట్టిన రామచిలుక పిల్లలు ఎవరివి?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నాలుగేళ్ల క్రితం పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఒకతను తాటి తొర్రలోంచి తీసిన రెండు రామచిలుక పిల్లల్ని అమ్మితే కొన్నాను. మొదట్లో చెయ్యి పెడితే కొరికేవి. రోజూ పంజరం పక్కన కదలకుండా కూర్చుని, పచ్చిమిర్చి, జామముక్క అందిస్తూ ఆరు నెలలకు మచ్చిక చేసుకున్నాను. ఇప్పుడు తలుపు తీసినా ఎగిరిపోవు. మా ఆవిడను ‘అమ్మా’ అని పిలుస్తాయి. మాకు పిల్లలు లేరు. ఈ ఏడాది అవి గుడ్లు పెట్టి మూడు పిల్లల్ని చేశాయి. ఒకదాన్ని ఆఫీసులో తోటి ఉద్యోగికి పదిహేను వందలకు ఇచ్చాను. గోడ తగాదా ఉన్న పక్కింటాయన అటవీ శాఖకు చెబుతానంటున్నాడు. నాలుగేళ్లయింది కాబట్టి కేసు చెల్లదనీ, ఇంట్లో పుట్టిన పిల్లలు అడవి పక్షులు కావనీ మా బావమరిది అంటున్నాడు. విదేశీ పక్షులని పాత తేదీతో బిల్లు తెస్తాడట, లేదంటే మహేంద్రగిరి వైపు వదిలేసి రమ్మంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చిలుకలు మాకు దక్కుతాయా?

జవాబు: దక్కవు. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ పక్షులు మిమ్మల్ని ఎంత నమ్ముతాయో చెప్పడానికే సరిపోయింది. కేసును తేల్చేది మాత్రం మీరు మొదట్లోనే రాసిన ‘రామచిలుక’ అన్న ఒక్క మాట. కోర్టు ముందుగా చూసేది పక్షి ఏ జాతిదన్నదే. అది మచ్చికైందా, భుజం మీద కూర్చుంటుందా అన్నది తర్వాత కూడా అడగదు.

మన రామచిలుక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్న పక్షి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక అది ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షిత జాతుల జాబితాలో, ఉంది. సెక్షన్ 51 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది కేంద్ర చట్టం కాబట్టి ఆంధ్రా మనిషి దగ్గర కొని ఒడిశాలో పెంచానన్న వాదన పనికిరాదు.

ఇంట్లో పుట్టిన పిల్లల సంగతి సెక్షన్ 39లో ఉంది. అడవిలో పట్టుకున్న జంతువే కాదు, చట్టానికి విరుద్ధంగా బంధించి ఉంచినదీ, బంధనంలో పుట్టించినదీ రాష్ట్ర ప్రభుత్వ ఆస్తే. అంటే మీ ఇంట్లో పొదిగిన మూడు పిల్లలూ కళ్లు తెరవకముందే ప్రభుత్వానివి. నీలం, పసుపు రంగు రామచిలుకలను ‘ఇవి వేరే జాతి’ అని అమ్మేవాళ్లు ఉంటారు. రంగు మారినంత మాత్రాన జాతి మారదు.

ఇక కాలపరిమితి. మీ బావమరిది ఎక్కడో విన్నది సగం నిజం. మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరానికి మూడేళ్లలోపు కోర్టు విచారణకు స్వీకరించాలని నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 514 చెబుతుంది. కానీ పక్కనే 518 ఉంది. కొనసాగుతున్న నేరానికి ప్రతి క్షణమూ గడువు కొత్తగా మొదలవుతుంది. మీరు కొన్న రోజు నాలుగేళ్ల కిందటిదే కావచ్చు, పంజరంలో పక్షి ఉండటం మాత్రం ఇవాళ్టిది. పిల్లను అమ్మింది ఈ ఏడాదే. గడువు దాటిందన్న ధైర్యంతో ఒక్క రోజు కూడా కూర్చోవద్దు.

సాక్ష్యం దగ్గర మీ అజాగ్రత్త నాకు బాధ కలిగించింది. ఇలాంటి పక్షి చేతికి వస్తే 48 గంటల్లో పోలీసులకో, అటవీ అధికారికో తెలపాలని చట్టం. చదువుకున్నవారు, ఉద్యోగంలో ఉన్నవారు, నాలుగేళ్లలో ఒక్కసారీ కనుక్కోలేదు. పైగా డబ్బు తీసుకున్నారు. అది ఫోన్‌లో వచ్చి ఉంటే తేదీతో సహా బ్యాంకులో నమోదై ఉంటుంది. చిలుక మాట్లాడే వీడియోలు స్టేటస్‌లో పెట్టి ఉంటే అవీ సాక్ష్యాలే. వన్యప్రాణి చట్టం సెక్షన్ 57 ప్రకారం పక్షి మీ దగ్గర ఉందని రుజువైతే చాలు, అక్రమంగా ఉంచుకోలేదని నిరూపించుకునే భారం మీమీదే పడుతుంది. అలాగని ఇప్పుడు వీడియోలు తుడిచేయకండి. సాక్ష్యం మాయం చేయడం వేరే నేరం.

పాత తేదీ బిల్లు మాట మళ్లీ ఎత్తవద్దు. అందులో ‘ఇండియన్ రింగ్‌నెక్’ అని రాస్తే అది రామచిలుక ఇంగ్లీషు పేరే, నేరం మీరే ఒప్పుకున్నట్టు. ఆఫ్రికన్ గ్రే లాంటి పేరు రాస్తే పశువైద్యుడు చూసిన వెంటనే అబద్ధమని తేల్చేస్తాడు. పైగా అలాంటి విదేశీ పక్షులను 2024 ఫిబ్రవరి 28 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ఆ కాగితం ఎక్కడని అడుగుతారు. జరిమానాతో పోవచ్చు అనుకునే కేసుకు ఫోర్జరీ తోడవుతుంది, బిల్లు ఇచ్చిన షాపువాడూ మీతోపాటు బోనెక్కుతాడు.

మహేంద్రగిరిలో వదలడం ఇంకా దారుణం. పిల్లప్పటినుంచి మీ చేతి తిండి తిన్న పక్షికి డేగను చూసి దాక్కోవడం ఎవరు నేర్పారు? ఆకలేస్తే మనుషుల దగ్గరికే వస్తుంది, ఎవరి భుజమైనా ఎక్కుతుంది. మీ మీద నమ్మకమే దాని ప్రాణం తీస్తుంది. బంధువుల ఇంటికి పంపడమూ కుదరదు. ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా ఊరికే ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నవారూ నిందితులవుతారు.

చేయవలసింది ఇది. ముందు పర్లాకిమిడిలోనే క్రిమినల్ కేసులు చూసే లాయరును పెట్టుకోండి. ఆయనతో కలిసి డివిజనల్ అటవీ అధికారి (డీఎఫ్ఓ) ఆఫీసుకు వెళ్లి, నాలుగు పక్షులనూ మీ అంతట మీరే అప్పగిస్తున్నట్టు అర్జీ ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదానిపై తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇంట్లో ఉన్నా లేనట్టే. అర్జీలో ఏం రాయాలో లాయరు తేల్చాలి, మీరు కథంతా రాయకండి. అటవీ అధికారులు పోలీసులు కారు, కాబట్టి పోలీసుల ముందు ఒప్పుకున్నదానికి ఉండే రక్షణ ఇక్కడ ఉండదు, వారి ముందు ఇచ్చిన వాంగ్మూలం మీకు వ్యతిరేకంగా కోర్టులోకి రావచ్చు. కాగితం ఒడియాలో ఉంటే పూర్తిగా చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

అప్పగించినవారిపై కేసు పెట్టకూడదని చట్టంలో లేదు. 2020లో కేంద్రం ఇచ్చిన స్వచ్ఛంద వెల్లడి అవకాశం విదేశీ జాతులకే, రామచిలుకలకు వర్తించలేదు. అయినా ఫిర్యాదు రాకముందే మీరు వెళ్లారన్న ఆ ముద్ర బెయిలు దగ్గరా, శిక్ష దగ్గరా మీ తరఫున మాట్లాడుతుంది. వన్యప్రాణి చట్టం సెక్షన్ 54 కింద రుసుము కట్టించుకుని రాజీ చేసే అధికారం శాఖకు ఉంది. అది మీ హక్కు కాదు, కానీ అడగవచ్చు. అరెస్టు భయం ఉంటే ముందస్తు బెయిలుకు నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 482 ఉంది.

మీ తోటి ఉద్యోగికి ఈ రోజే చెప్పండి. అతని దగ్గరున్న పిల్లను మీరు వెనక్కి తీసుకోవద్దు, అది మరో చేతి మార్పిడి అవుతుంది. అతన్ని కూడా అదే రోజు, అదే ఆఫీసుకు తీసుకురమ్మనండి.

ఇంట్లో పక్షి లేకపోతే మీ ఆవిడ తట్టుకోలేరనిపిస్తే, కేసు సంగతి తేలాక బడ్జీలు తెచ్చుకోండి. మన ఊళ్లలో లవ్ బర్డ్స్ అని అమ్మేవి ఎక్కువగా అవే. వాటికీ, కాకటీల్ అనే చిన్న విదేశీ చిలుకకూ పరివేష్ నమోదు అక్కర్లేదు. బిల్లు మాత్రం అసలుది తీసుకోండి.

అర్జీతోపాటు ఇంకో కాగితం ఇవ్వండి. ఏ చిలుక ఏం తింటుంది, ఏ మాటకు చేతి మీదకు వస్తుంది, దేనికి బెదురుతుంది అన్నీ రాయండి. రేపు వాటికి మేత పెట్టబోయే మనిషికి ఆ వివరాలు కావాలి.