పచ్చ నివేదికలు చదివే ముందు

చిరంజీవి అమ్మాయికి,

సోపాడే నివేదికలు, అంటే నాజీల కాలంలో దేశం విడిచిన జర్మనీ సోషల్ డెమోక్రాటిక్ పార్టీ నాయకత్వం తెప్పించుకున్న నివేదికలు, ముందేసుకున్నానని రాశావు. పెన్ను పట్టేముందు ఒకటి గుర్తుంచుకో: అవి జనాభిప్రాయ సేకరణ కావు. 1933 జూన్ 22న నాజీలు జర్మనీ సోషల్ డెమోక్రాటిక్ పార్టీని నిషేధించారు. ప్రాగ్‌లో తలదాచుకున్న నాయకత్వం సరిహద్దుల్లో కార్యదర్శులను పెట్టి, లోపల మిగిలిన కార్యకర్తల నోటి మాట తెప్పించుకునేది. 1934 నుంచి 1940 దాకా వాటిని కూర్చింది ఎరిక్ రిన్నర్. కాగితం ఆకుపచ్చ రంగును బట్టి పచ్చ నివేదికలన్నారు.

నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకో: సంగతి జరిగిన తేదీ, నివేదిక నెల, ప్రాంతం, చెప్పినవాడి పని. పేరు కోసం వెతక్కు. పేరు రాస్తే అతను నాజీల రహస్య పోలీసు గెస్టపోకు దొరికినట్టే. మొదటి రెండు గడులు కలిపేయకు. ఫ్యాక్టరీలో అన్న మాట సరిహద్దు దాటి అచ్చుకెక్కేసరికి వారాలు గడిచేవి. ఆ తేడా మరిస్తే మార్చి నాటి కోపాన్ని ఏప్రిల్ ఉత్తర్వుకు అంటగడతావు.

అసలు చిక్కంతా నాలుగో గడిలోనే. పాత కార్యకర్త ధైర్యంగా నోరు విప్పేది పాత కార్యకర్త దగ్గరే. అందుకే కార్మికుల గొంతు గట్టిగా వినిపిస్తుంది. హిట్లర్ యువదళంలో పెరిగిన పిల్లల మాట చాలావరకు పెద్దల నోట విన్నదే.

ఇక సణుగుడు. 1935 శరత్కాలంలో వెన్న, కొవ్వు కరువయ్యాయి. క్యూలో నిలబడ్డవాళ్లు తిట్టిపోశారు. అది చూసి 'ప్రభుత్వం ఊగిపోతోంది' అని రాసేయడం కొత్తవాళ్లకు మామూలు. వెన్న దొరకలేదని ఊళ్లో పార్టీ అధికారిని తిట్టినవాడే, హిట్లర్‌కు ఇవేవీ తెలియవని వెనకేసుకొచ్చేవాడు. ఆ ఏడాది జనవరి 13న అప్పటికి జర్మనీ చేతిలో లేని సార్ ప్రాంతంలో నానాజాతి సమితి పర్యవేక్షణలో ఓటింగు జరిగితే 90 శాతం పైచిలుకు జర్మనీలో కలుస్తామన్నారు. ఆ అంకె పేజీ అంచున రాసిపెట్టుకుని సణుగుళ్లు చదువు.

అదే నెల, అదే ప్రాంతం గెస్టపో నివేదిక పక్కన పెట్టు. పోలీసుకు ప్రమాదాన్ని పెంచి చూపే అవసరముంది, ప్రవాసికి ఆశ ఉంది. ఇద్దరూ ఒకే క్యూ గురించి చెబితే సిరాతో రాయి, ఒక్కరే చెబితే పెన్సిల్‌తో.

1980లో 7 సంపుటాలుగా పునర్ముద్రణ వచ్చింది కదా, అందులో కావలసిన ముక్కలే ఏరుకోకు. ఒక ప్రాంతాన్ని పట్టుకుని వరసగా చదువు. నడుమ ఎక్కడో దాని గొంతు ఆగిపోతుంది. జనం తృప్తిపడ్డారని రాయకు. ఆ నెలల అరెస్టుల జాబితా తీసి చూడు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న