నీ వయసంత నా సర్వీసు

ప్రశ్న: పరకాల దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)గా పనిచేస్తున్నాను. నాకు 26 ఏళ్ల సర్వీసు ఉంది. 2024 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)లో ఎంపికైన ఒక సార్ ఆ ఏడాది దసరా తరువాత మా బడిలో చేరారు. గదులు చాలక మూడో తరగతి, నాలుగో తరగతి ఒకే గదిలో కూర్చుంటాయి. ఒకరోజు నేను మూడో తరగతికి తీసివేతలు చెబుతూ, 42లోంచి 17 తీసే చోట ‘రెండులోంచి ఏడు పోదు, పక్కింట్లోంచి ఒకటి అప్పు తెచ్చుకో’ అన్నాను. అటువైపు నాలుగో తరగతి చూస్తున్న ఆయన, పిల్లలందరూ వింటుండగానే, ‘మేడమ్, మనం తెచ్చేది ఒకటి కాదు, పది. తిరిగి ఇవ్వని దాన్ని అప్పు అనడం కూడా సరికాదు’ అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ‘నీ వయసంత నా సర్వీసు’ అనేశాను. ఆనాటి నుంచి మా మధ్య మాటల్లేవు. మరునాడు ఒక పిల్ల వచ్చి ‘టీచర్, సారు చెప్పినట్టు చెయ్యాల్నా, మీరు చెప్పినట్టు చెయ్యాల్నా?’ అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు నేను టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రాయాల్సి వచ్చింది. ఆయన ఈమధ్యే రాసి పాసయ్యారు, పుస్తకాలూ ఆయన దగ్గర ఉన్నాయి. అడగడానికి మనసు ఒప్పడం లేదు. తప్పంతా నాదేనా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ పిల్ల అడిగిన ప్రశ్న. ఇద్దరు టీచర్ల మధ్య మాటలు ఆగిపోతే నష్టపోయేది ఎవరో ఆ ఒక్క వాక్యంలో ఉంది కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాను.

లెక్క విషయంలో ఆ సార్ అన్నది సరైనదే. పదుల స్థానంలోంచి వచ్చేది ఒక పది. అది ఒకట్ల స్థానంలోకి వచ్చి పది ఒకట్లుగా విడిపోతుంది. ‘ఒకటి అప్పు’ అన్న మాటతో మనమందరం లెక్కలు నేర్చుకున్నాం, నేర్పాం కూడా. కానీ ఆ మాట విన్న పిల్లవాడికి రెండు పన్నెండు ఎలా అయిందో అర్థం కాదు, అలా చెయ్యాలని మాత్రం తెలుస్తుంది. ఇది మీరు ఒప్పుకోవాలి. అయితే ఆయన చెప్పిన చోటు, చెప్పిన వేళ ముమ్మాటికీ తప్పు. తరగతి గదిలో పిల్లల ఎదుట తోటి టీచర్‌ను సరిదిద్దే హక్కు జూనియర్‌కు లేదు, సీనియర్‌కూ లేదు, హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడు)కు కూడా లేదు. బెల్లు కొట్టాక వరండాలో చెప్పి ఉంటే, అదే మాట మీకు ఉపయోగపడే మాటగా వినిపించేది.

ఇక మీరన్న మాట గురించి. ‘నీ వయసంత నా సర్వీసు’ అని నేను కూడా ఒకసారి అన్నాను. ములుగు వైపు ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు, కొత్తగా వచ్చిన ఒక సైన్స్ సార్ పిల్లలను చెరువు గట్టుకు తీసుకెళ్లి పాఠం చెబుతానంటే నలుగురిలో ఆ మాట అని కూర్చోబెట్టాను. ఆయన ఎదురు చెప్పలేదు. మరుసటి బదిలీల్లో వెళ్లిపోయే వరకు స్టాఫ్ మీటింగుల్లో నోరు విప్పలేదు. ఆ రెండేళ్లలో ఆయన దగ్గర మా పిల్లలు ఏమేం నేర్చుకోగలిగేవారో నాకు ఇప్పటికీ గుర్తొచ్చి బాధేస్తుంది. సర్వీసు ఎంతో సర్వీసు రిజిస్టరు చెబుతుంది. తోటివారి మీద విసరడానికి అది పనికిరాదు.

మరి మీ 26 ఏళ్లు దేనికి పనికొస్తాయి అంటే, దానికి జవాబు ఆ లెక్కలోనే ఉంది. మీ తరగతి నోటు పుస్తకాలు ముందు వేసుకుని చూడండి. 42లోంచి 17 తీస్తే 35 అని రాసిన పిల్లలు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. కొత్త టీచర్ దాన్ని అజాగ్రత్త అనుకుని ఇంటూ కొట్టి వదిలేయవచ్చు. మీరు చూడగానే పట్టేస్తారు: ఆ పిల్ల ఏడులోంచి రెండు తీసి ఐదు వేసింది, నాలుగులోంచి ఒకటి తీసి మూడు వేసింది, పైన ఉన్నా కింద ఉన్నా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని తనకు తానే ఒక సూత్రం కట్టుకుంది. ఏ పిల్ల ఎక్కడ, ఎందుకు తప్పుతుందో ముందే తెలిసి ఉండడం ఏళ్ల తరబడి నోటు పుస్తకాలు దిద్దితే గానీ రాదు. ఆ పిల్ల సూత్రాన్ని విప్పడానికి మాత్రం ఆ సార్ పద్ధతి కావాలి. చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసిన నాలుగు కట్టలు, విడిగా రెండు పుల్లలు ఆ పిల్ల చేతికిచ్చి పదిహేడు పుల్లలు ఇవ్వమనండి. విడివి రెండే ఉన్నాయని చూసి తనే ఒక కట్ట రబ్బరు బ్యాండు తీస్తుంది. చివరికి చేతిలో రెండు కట్టలు, ఐదు విడి పుల్లలు మిగులుతాయి. అప్పుడు ‘అప్పు’ అన్న మాట అవసరమే పడదు.

కాబట్టి ఆ సార్‌తో మాట కలపడానికి క్షమాపణతోనో సంజాయిషీతోనో మొదలుపెట్టకండి. 35 అని రాసిన ఒక నోటు పుస్తకం పట్టుకెళ్లి, ‘సార్, ఈ పాప ఇక్కడ ఇట్లా ఆలోచించింది, రేపు మీ పద్ధతిలో పుల్లల కట్టలతో ఒకసారి చెప్పండి, నేను పక్కన కూర్చుంటాను’ అనండి. గదిలో అలా అనకుండా ఉండాల్సిందన్న మాట కూడా అప్పుడే, మీ ఇద్దరి మధ్యనే, నెమ్మదిగా చెప్పండి. మరునాడు ఆ పాఠం జరిగితే, పిల్లలకు మీ ఇద్దరూ చెప్పేది ఒకటేనని వేరే చెప్పనక్కరలేదు.

టెట్ గురించి మీరు పడుతున్న సంకోచం నాకు అర్థమవుతుంది. టెట్ లేకుండా పనిచేస్తున్న టీచర్లలో ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పు చెప్పిన తరువాత, బడులకు పిల్లలను రప్పించడానికి ఇల్లిల్లూ తిరిగిన మీ తరం టీచర్లు ఎంత అవమానంగా భావించారో నాకు వచ్చే ఉత్తరాల్లో చూస్తున్నాను. ఆ బాధ న్యాయమైనది. అయినా పరీక్షకు సిద్ధం కాక తప్పదు. ప్రాథమిక తరగతుల టీచర్లు రాసే పేపర్-1లో 150 మార్కులు. శిశు వికాసం–బోధనా పద్ధతులు, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కొక్క దానికి 30. అర్హతకు జనరల్ వారికి 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 రావాలి. బడిలో రోజూ చేసే పనికి శిశు వికాసం పుస్తకంలో ఏ పేరు పెట్టారో ఆయనకు తెలుసు, ఆ పని మీకు తెలుసు. వారానికి రెండు రోజులు బడి వదిలాక అరగంట కూర్చుంటే చాలు. అడగండి. చేరిన కొత్తలో ఒక్కరూ తనను ఏమీ అడగలేదన్న లోటు ఆయనకూ ఉండి ఉంటుంది.

ప్రశ్న: మహబూబాబాద్ జిల్లాలో కొత్తగా చేరిన టీచర్‌ను. ‘నీకు ఫోన్ బాగా వచ్చు కదమ్మా’ అంటూ యూడైస్ (బడుల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే వ్యవస్థ) వివరాలు, పిల్లల ఫేస్ అటెండెన్స్, భోజనం లెక్కలు అన్నీ నాకే అప్పగిస్తున్నారు. నా తరగతి పాడవుతోంది. పెద్దవారు, కాదనలేకపోతున్నాను.
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ సీనియర్లు చేస్తున్నది అన్యాయం. పెద్దరికం ఉన్నవారు ఈ పని చేయకూడదు. అయితే వారిలో చాలామందికి ఆ పని రాదన్న భయం ఉంటుంది, దాన్ని పైకి చెప్పుకోలేక మీ మీదికి నెడతారు. అందుకని నేర్పుతానని మీరే ముందుకు రండి: ఒక్కొక్కరి ఫోనులో వారి చేతనే ఒకసారి చేయించండి, మీరు చేసి ఇవ్వకండి. ఆ తరువాత స్టాఫ్ మీటింగులో హెచ్‌ఎం గారిని అడిగి, ఏ పని ఏ నెల ఎవరిదో మినిట్స్ బుక్కులో రాయించండి. మీ పీరియడ్ సమయంలో ఈ పనులు ఉండవన్న మాట కూడా అందులో ఉండాలి. అందరి సంతకాలు అయ్యాక ఆ పట్టికను స్టాఫ్ రూమ్ గోడకు, టైమ్‌టేబుల్ పక్కనే అంటించమనండి.