మీరడిగారు: కాగితం మళ్లీ వచ్చిందా?

ప్రశ్న: అచ్చు పత్రికలు, రికార్డులు, సీడీల పని అయిపోయిందన్నారు. ఇప్పుడేమో పత్రికలు మళ్లీ అచ్చవుతున్నాయి, కుర్రాళ్లు ఎల్‌పీ రికార్డులు (సూది పెట్టి తిప్పి వినే పెద్ద పళ్లేలు) కొంటున్నారు అంటున్నారు. నిజమేనా, నాలుగు రోజుల ముచ్చటా?

జవాబు: నిజమే, కానీ మీరు విన్నంత కాదు. అమెరికాలో 2022లో ఎల్‌పీలు 4.1 కోట్లు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లే. 1987 తర్వాత రికార్డులు సీడీలను దాటడం అదే మొదటిసారి. ఈ ముక్క అందరూ చెబుతారు, అదే ఏడాది అక్కడ రికార్డింగుల ఆదాయంలో దాదాపు 84 శాతం స్ట్రీమింగ్‌దే అన్న ముక్క మాత్రం ఎవరూ ఎత్తరు.

పత్రికల సంగతీ అంతే. అమెరికా వారపత్రిక న్యూస్‌వీక్ 2012 చివర్లో అచ్చు ఆపి 2014 మార్చిలో మళ్లీ మొదలెట్టింది, ది ఆనియన్ అనే వ్యంగ్య పత్రిక 2013లో ఆపి 2024లో తిరిగొచ్చింది. అయితే రెండూ పాత లెక్కతో రాలేదు. ఒకప్పుడు చాలా పత్రికలకు మనమిచ్చే ధర అచ్చు ఖర్చుకే చాలేది కాదు, మిగతాది ప్రకటనలు మోసేవి, ఆ ప్రకటనలు కాస్తా గూగుల్‌కీ ఫేస్‌బుక్‌కీ తరలిపోయాక ఇప్పుడు ఖర్చంతా పాఠకుడి నెత్తినే. అందుకే న్యూస్‌వీక్ ధర పెంచి వచ్చింది, ఆనియన్ చందా కట్టినవాళ్లకు పోస్టులో నెలకో సంచిక పంపుతోంది. కాపీలు తక్కువ, ధర ఎక్కువ, డబ్బు ముందే. చవగ్గా దొరికి, చదివి పడేసే వారపత్రిక తిరిగొస్తుందని మాత్రం నేననుకోను.

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్నాక ఈ-బుక్ కూడా నాదే కదా, బీరువాలో చోటు దండగ ఎందుకు?

జవాబు: చాలా దుకాణాల్లో మీరు కొంటున్నది చదువుకోడానికి అనుమతి మాత్రమే. 2009లో అమెజాన్, హక్కులు లేనివాళ్లు అమ్మిన కాపీలంటూ జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ని కొన్నవాళ్ల కిండిల్‌లోంచి (అమెజాన్ ఈ-బుక్ చదివే పరికరం) చెప్పాపెట్టకుండా తీసేసింది (పాత రాతలను మాయం చేసే ప్రభుత్వం కథ అది, ఏరికోరి ఆ పుస్తకమే దొరికింది చూడండి!). డబ్బు వాపసిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ దుకాణం మూసేస్తే కొన్న పుస్తకాలు కూడా దాంతోపాటే పోయాయి, అక్కడా డబ్బొచ్చింది గానీ పుస్తకం రాలేదు. అలాగని ఈ-బుక్‌లు మానేయమనను, ప్రయాణంలో వాటంత సుఖం లేదు. ఒకసారి చదివి వదిలేసేవి ఫోన్లో కొనుక్కోండి, ఇంకొకరి చేతిలో పెట్టి చదవమనాలనిపించేవి అచ్చులో కొనండి.

ప్రశ్న: దాచుకున్న పాత పత్రికలు పసుపుపచ్చబడి, పట్టుకుంటే విరుగుతున్నాయి. లామినేషన్ చేయించనా? సీడీల మీదా గీతలు పడుతున్నాయి.

జవాబు: వద్దండీ, లామినేషన్ ఒకసారి చేయిస్తే మళ్లీ కాగితం పాడవకుండా ఊడదీయడం జరగని పని. చవక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురూ గాలీ తగిలి రంగు మారుతుంది, ఆమ్లం కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఆపలేం, నెమ్మదింపజేయగలం. ఎండా చెమ్మా తగలని చోట పడుకోబెట్టి దాచండి. రబ్బరు బ్యాండు వేయకండి, కొన్నాళ్లకు కరిగి అట్టకు అంటుకుంటుంది. చిరిగితే సెలోటేప్ అసలే వద్దు, టేపు ఊడిపోయినా జిగురు మరక గోధుమరంగులో అలాగే ఉండిపోతుంది. ఇక సీడీ అంటే అందరికీ కింది వైపు గీతల గురించే టెన్షన్, నిజానికి పాటలు దాచిన అసలు పొర ఉండేది పైన లేబుల్‌కి ఆనుకునే. కింద పడ్డ చిన్న గీతలు పాలిష్‌తో పోవచ్చు, పైన బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాశారంటే ఆ పాట పోయినట్టే.