సస్టెయినబిలిటీ ఉద్యోగం కరెంటు బిల్లు దగ్గర మొదలవుతుంది

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కెమికల్ మూడో సంవత్సరం చదువుతోంది. కంపెనీల్లో సస్టెయినబిలిటీ విభాగంలో చేరతానంటోంది. మొక్కలు నాటి ఫొటోలు దిగడం తప్ప అందులో నిజంగా పని ఉంటుందా? సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటే వినడం లేదు. ఏ కోర్సు చేయిస్తే మంచిది? – ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: పని ఉందండీ. అది చాలావరకు, కంపెనీ వాడే కరెంటు, ఇంధనం, నీళ్లు, వదిలే పొగ, వ్యర్థాల లెక్కల పని. మీరు చెప్పిన ఫొటోల వ్యవహారం కూడా కొన్ని చోట్ల ఉన్నమాట నిజమే కానీ, దాని మీద బతికే ఉద్యోగాలు తగ్గుతున్నాయి. కారణం చట్టం. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదికను (వ్యాపార బాధ్యత, సస్టెయినబిలిటీ నివేదిక) తెచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 1000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి అది తప్పనిసరి. ఎంత కరెంటు వాడారు, ఎన్ని కిలోలీటర్ల నీళ్లు తోడారు, ఎన్ని టన్నుల వ్యర్థాలు వచ్చాయి, అవి ఎటు పోయాయి అన్నీ అందులో చెప్పాలి. 2023లో బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ అనే కీలక అంశాల జాబితా వచ్చాక ముఖ్యమైన అంకెలను బయటి సంస్థతో పరిశీలింపజేయడం కూడా మొదలైంది. మొదట 150 కంపెనీలు, తర్వాత 250, 500, ఆపైన 1000 అని దశలు పెట్టారు. అడిగేవాడు వచ్చాడు కాబట్టి లెక్క రాసేవాళ్లు కావాలి.

లిస్టెడ్ కాని చిన్న కంపెనీలకు ఈ ఒత్తిడి కొనుగోలుదారు నుంచి వస్తుంది. విదేశీ మందుల కంపెనీకి ముడి మందు అమ్మే పాశమైలారం యూనిట్‌ను ఆ కంపెనీ ప్రశ్నావళి నింపమంటుంది, ఆడిటర్‌ను పంపుతుంది. సమాధానం సరిగా లేకపోతే ఆర్డరుకే ఎసరు.

ఇక లెక్క ఎలా ఉంటుందో చూడండి. కర్బన ఉద్గారాలను మూడు పద్దుల్లో రాస్తారు. సంస్థ తన ఆవరణలో, తన బండ్లలో తగలబెట్టే ఇంధనం స్కోప్-1. కొన్న కరెంటు స్కోప్-2. ముడిసరుకు తయారీ, రవాణా, ఉద్యోగుల రాకపోకలు వంటివి స్కోప్-3. ఇందులో 15 రకాలున్నాయి. నెలకు 50,000 యూనిట్లు వాడే ఫ్యాక్టరీ ఏడాదికి 6 లక్షల యూనిట్లు వాడుతుంది. మన గ్రిడ్ కరెంటుకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఇచ్చే గుణకం యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. అంటే దాదాపు 420 టన్నుల కార్బన్ డయాక్సైడ్. జనరేటర్‌కు నెలకు 1,000 లీటర్ల డీజిల్ పోస్తే, లీటరుకు 2.68 కిలోల చొప్పున ఏడాదికి మరో 32 టన్నులు.

గుణించడం ఎవరికైనా వస్తుంది. తప్పులు బిల్లు చదవడంలో జరుగుతాయి. ఫ్యాక్టరీలకు వచ్చే హెచ్‌టీ (హైటెన్షన్) బిల్లులో కేడబ్ల్యూహెచ్ (నిజంగా వాడిన యూనిట్లు), కేవీఏహెచ్ (గ్రిడ్ నుంచి లాగిన మొత్తం) అని రెండు రీడింగులుంటాయి. మన దగ్గర డబ్బు కట్టేది కేవీఏహెచ్ మీద, ఉద్గారం లెక్కకట్టాల్సింది కేడబ్ల్యూహెచ్ మీద. పవర్ ఫ్యాక్టర్, అంటే కేవీఏహెచ్‌లో కేడబ్ల్యూహెచ్ వాటా, 0.95 ఉంటే, తొందరలో కేవీఏహెచ్ రాసినవాళ్ల లెక్క సుమారు 5 శాతం పెరిగిపోతుంది. రీడింగుల తేడాను బిల్లులో ఉండే మీటరు ఎంఎఫ్‌తో (గుణకం) గుణించడం మరిచిపోతే అంకె ఎక్కడికో పడిపోతుంది. డీజిల్ విషయంలో కొన్నదాన్నే వాడినట్టు రాస్తారు. మార్చి 31న ట్యాంకులో మిగిలినది తీసేయరు. అందరూ వదిలేసేది ఏసీ గ్యాస్. ఆర్-410ఏ రకం ఒక కిలో గాల్లోకి లీకైతే 2 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఎన్ని కిలోలు నింపారో ఏసీ మెకానిక్ సర్వీసు రిపోర్టులో ఉంటుంది. అకౌంట్స్ వాళ్ల దగ్గర దొరకదు, ఫెసిలిటీస్ వాళ్లను పట్టుకుని అడగాలి.

మీ అమ్మాయి కెమికల్ చదవడం ఇక్కడ పెద్ద కలిసొచ్చే విషయం. మీకు దగ్గరలోని పటాన్‌చెరు, బొల్లారం వైపు చాలా మందుల ఫ్యాక్టరీలు వ్యర్థజలాలను చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసుకుని మళ్లీ వాడుకోవాలి. దాన్ని జెడ్‌ఎల్‌డీ అంటారు. లవణాలు ఎక్కువున్న నీటిని ముందు స్ట్రిప్పర్‌కు పంపి సాల్వెంట్లు (ద్రావకాలు) తీస్తారు, తర్వాత ఎంఈఈ అనే పలు దశల ఇగిర్చే యంత్రంలో ఆవిరితో మరిగించి చిక్కబరుస్తారు, చివర ఏటీఎఫ్‌డీ అనే ఎండబెట్టే యంత్రంలో ఉప్పు తీస్తారు. స్ట్రిప్పర్ సరిగా పనిచేయక సాల్వెంట్ మిగిలిపోతే ఎంఈఈలో నురగ లేస్తుంది. గొట్టాల్లో పొర కడితే ఆవిరి ఖర్చు పెరుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. నాలుగు దశల ఎంఈఈలో ఒక కిలో ఆవిరికి సుమారు 3 కిలోల నీళ్లు ఇగురుతాయి. రోజుకు 100 కిలోలీటర్లు ఇగర్చాలంటే 33 టన్నుల ఆవిరి కావాలి. సాధారణ బొగ్గు బాయిలరైతే దానికి 6 టన్నుల బొగ్గు, అంటే రోజుకు దాదాపు 9-10 టన్నుల కార్బన్ డయాక్సైడ్. నీళ్లు ఆదా చేసిన చోటే ఉద్గారం పెరిగింది! రెండు అంకెలూ ఒకే నివేదికలో పక్కపక్కనే ఉంటాయి. దీనికి విరుగుడు ఎంఈఈ దగ్గర కాదు, రసాయన చర్య జరిగే రియాక్టర్ దగ్గర ఉంది. కడుగుడు నీళ్లు తగ్గించడం, లవణాలు ఎక్కువున్న నీటిని తక్కువున్న నీటితో కలవనివ్వకపోవడం, తక్కువున్నదాన్ని ఆర్‌ఓతోనే సరిపెట్టడం. ఇంటర్వ్యూలో ఈ మూడు ముక్కలు కారణాలతో చెప్పగలిగితే, పది సర్టిఫికెట్లున్న అభ్యర్థి కంటే ముందుంటుంది.

బ్రాండ్ల వైపు కూడా ఉద్యోగాలున్నాయి: ప్యాకేజింగ్, లేబుల్ పరిశీలన, ప్లాస్టిక్ బాధ్యత అంటే ఈపీఆర్. 2022 నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరుకు అమ్మే కంపెనీ అంత ప్లాస్టిక్‌కు బాధ్యత తీసుకుని, రీసైక్లర్ల నుంచి సర్టిఫికెట్లు చూపించాలి. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) తనిఖీల్లో లక్షల సంఖ్యలో నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. అందుకే రీసైక్లర్ యంత్రాల సామర్థ్యం, కరెంటు బిల్లు, అమ్మిన సర్టిఫికెట్లు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూడగలిగేవాళ్లు కావాలి. 2024 అక్టోబరు నుంచి పర్యావరణ హితం, గ్రీన్ వంటి మాటలు ఆధారం లేకుండా ప్రకటనల్లో వాడకూడదన్న మార్గదర్శకాలు వచ్చాయి. ఆ ఆధారం తయారుచేసేదీ ఈ విభాగమే.

మీ అమ్మాయి ఈ సెమిస్టర్‌లోనే ఒక పని మొదలుపెట్టవచ్చు. కాలేజీ హాస్టల్ 12 నెలల కరెంటు బిల్లులు, మెస్ సిలిండర్ల లెక్క, జనరేటర్ లాగ్‌బుక్, నీళ్ల ట్యాంకర్ల రసీదులు తీసుకుని ఎక్సెల్‌లో ఉద్గారాల పట్టిక వేయమనండి. ప్రతి అంకె పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో రాయాలి. రాయకపోతే ఆరు నెలల తర్వాత తనకే గుర్తుండదు, ఆడిటర్ ఎలాగూ ఒప్పుకోడు. తర్వాత డాక్టర్ రెడ్డీస్, అరబిందో, దివీస్ కంపెనీల బీఆర్‌ఎస్‌ఆర్‌లు దించుకుని ఆరో సూత్రం కింద ఉన్న నీరు, శక్తి, వ్యర్థాల అంకెలు పోల్చమనండి. నిరుటికీ ఇప్పటికీ పెద్ద తేడా ఉన్నచోట కారణం వెతకడమే సాధన. ఇవన్నీ ఉచితం.

వేసవి ఇంటర్న్‌షిప్ ఏదైనా ప్లాంటులోని ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగంలో చేయించండి. మొదటి ఉద్యోగం కూడా అక్కడే, రెండు మూడేళ్లు. షిఫ్టులుంటాయి, భద్రత పని కూడా మీద పడుతుంది, ఎండలో ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి కేంద్రం) చుట్టూ తిరగాలి. ఈ మాట ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని విదేశీ కంపెనీల నివేదికల నుంచి అంకెలు ఎక్కించే ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) అనలిస్ట్ కొలువులూ ఉన్నాయి. చెడ్డవి కావు కానీ, ప్లాంటు చూడకుండా అక్కడే ఆగిపోతే అంకె తప్పో ఒప్పో పట్టుకోవడం రాదు.

కోర్సుల్లో నేను మొదట చెప్పేది కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ నిర్వహించే ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్ష. మేనేజర్‌కు 3 పేపర్లు, ఆడిటర్‌కు 4; అర్హత, అనుభవం నిబంధనలు చూసుకుని ఉద్యోగంలో చేరాక రాయవచ్చు. బాయిలర్, పంపు, కంప్రెసర్ పాఠాలున్న గైడ్‌బుక్కులు బీఈఈ వెబ్‌సైట్లో ఉన్నాయి, ఇప్పుడే చదవడం మొదలుపెట్టవచ్చు. పీజీ చేయాలనుకుంటే గేట్‌లో కెమికల్‌తో పాటు పర్యావరణ ఇంజినీరింగ్ పేపరూ ఉంది. మేనేజ్‌మెంట్ వైపు ఢిల్లీ టెరీ స్కూల్, భోపాల్ అటవీ నిర్వహణ విద్యాసంస్థ ఐఐఎఫ్‌ఎంలను చూడవచ్చు. వారాంతంలో నేర్పేసి సర్టిఫికెట్ చేతిలో పెట్టే ఈఎస్‌జీ కోర్సులకు వేలకు వేలు కట్టే ముందు ఒక్కటి అడగండి: నిజమైన ఫ్యాక్టరీ బిల్లుల మీద లెక్క వేయిస్తారా? వేయించకపోతే ఆ డబ్బు ఇంటర్న్‌షిప్ బస్ పాసుకు, హాస్టల్ గదికి ఉంచండి.

సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడిగారు. పూర్తిగా వదిలేయాల్సిన పనిలేదు. ఎక్సెల్ బాగా రావాలి. మీటర్ల డేటా చదవడానికి సరిపడా పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటే ఈ రంగంలోనే అది బాగా అక్కరకొస్తుంది.