మేడమీది గదికి ముందు, చిన్నీకి

చిన్నీ,

చెన్నై పెరంబూరులో మేడమీద గది అద్దెకు తీసుకున్నావనీ, ప్లస్ టూ పిల్లలకు ఆర్గానిక్ కెమిస్ట్రీ ట్యూషన్ పెడుతున్నావనీ, మూలన చిన్న ల్యాబు బల్ల కూడా వేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పక్కింటి వాళ్లకి కూడా చెప్పుకుని మురిసిపోయాను. రాత్రి ఆ బల్ల గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

కళ్లద్దాలు, తెరిచిన కిటికీ, ఇసుక బకెట్టు: ఇవి నీకు తెలిసినవే.

పాఠం సంగతి. ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్ అని వరసగా వల్లె వేయించకు. మొదటి రోజే బోర్డు మీద ఐదు పేర్లు రాయి: ప్రొపేన్, డైమిథైల్ ఈథర్, ఎసిటాల్డిహైడ్, ఇథనాల్, ఫార్మిక్ ఆసిడ్. అణుభారం అన్నిటికీ 44 లేదా 46. మరి మరిగే ఉష్ణోగ్రతలు? వరసగా -42, -24, 20, 78, 101 డిగ్రీలు. బరువు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకని అడిగి, కాసేపు నోరు మూసుకుని కూర్చో. ప్రొపేన్‌లో అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి పట్టు లేదు. ఈథర్‌లో ఆక్సిజన్ ఉంది గానీ దాని మీద హైడ్రోజన్ లేదు. ఆల్డిహైడ్‌లో కార్బన్, ఆక్సిజన్ జంట బంధం కాస్త గట్టిగా లాగుతుంది. ఇథనాల్‌లో ఓహెచ్, అంటే ఆక్సిజన్ మీద హైడ్రోజన్, వచ్చేసరికి హైడ్రోజన్ బంధాలు మొదలు. ఆసిడ్‌లోనైతే రెండేసి అణువులు ఎదురెదురుగా రెండు చేతులూ పట్టుకుని కూర్చుంటాయి. డైమిథైల్ ఈథర్‌లోనూ ఇథనాల్‌లోనూ అవే పరమాణువులు, అవే లెక్కలు. అమరిక మారితే ఒకటి గ్యాసు, ఇంకొకటి ద్రవం. ఇది ఎక్కితే ఫంక్షనల్ గ్రూప్, అంటే అణువు గుణాన్ని నిర్ణయించే ఓహెచ్ లాంటి ముక్క, ఏమిటో మళ్లీ చెప్పక్కర్లేదు.

నైట్రోజన్ ఉన్న ఎమీన్‌లకు కాసిమేడు రేవు చేపలే ఉదాహరణ. ఆ నీచు వాసనలో పెద్ద వాటా ట్రైమిథైల్ఎమీన్‌ది. చింతపండు నీళ్లతో కడిగితే ఎందుకు తగ్గుతుంది? ఎమీన్ క్షారం, పులుపులోని ఆసిడ్‌తో కలిసి లవణమవుతుంది, లవణం ఆవిరై ముక్కుదాకా రాదు. వెనిగర్‌లో వంటసోడా వేస్తే పొంగుతుంది, అది కార్బాక్సిలిక్ ఆసిడ్ గుర్తు. ఫినాల్ కూడా ఆసిడే, కానీ వంటసోడాని కదిలించలేదు. పరీక్షలో పిల్లలు పడేది ఇక్కడే. జంట బంధం చూపించడానికి బ్రోమిన్ నీళ్లు ఆ గదిలోకి రానివ్వకు, పలచని పర్మాంగనేట్ చాలు, జంట బంధం ఉంటే దాని గులాబీ రంగు పోతుంది. అయితే ఆల్డిహైడ్ కూడా ఆ గులాబీ రంగును పోగొడుతుంది, ఒక్క పరీక్షతో తీర్పు చెప్పనివ్వకు.

ఇక నా నిద్ర చెడగొట్టినది. ఆల్డిహైడ్‌ని పట్టిచ్చే వెండి అద్దం పరీక్ష.

పిల్లలకి ప్రాణం లాంటి పరీక్ష, నువ్వు చేయించకుండా ఉండవు. సిల్వర్ నైట్రేట్ 5 శాతం ద్రావణం 2 మి.లీ., అందులో పలచని కాస్టిక్ సోడా ఒక్క చుక్క. గోధుమరంగు మడ్డి వస్తుంది. పలచని అమ్మోనియా చుక్కచుక్కగా, మడ్డి కరిగీ కరగనట్టు అయ్యేదాకా మాత్రమే. ఎక్కువ పోస్తే అద్దం సరిగ్గా రాదు. తర్వాత గ్లూకోజ్ ద్రావణం నాలుగు చుక్కలు, టెస్ట్‌ట్యూబును 60 డిగ్రీల నీళ్లలో నిలబెట్టడం. మంట మీద పెట్టొద్దు. ట్యూబుకి జిడ్డుంటే అద్దం బదులు నల్ల బూడిదలాంటిది దిగుతుంది.

అసలు తప్పు ఆ తర్వాత. మిగిలిన టోలెన్స్ ద్రావణం, అదే సిల్వర్ నైట్రేట్‌లో అమ్మోనియా కలిపినది, చూస్తే పారెయ్యబుద్ధి కాదు, వెండి కదా! నేనూ ఒకసారి సీసాలో పోసి, బిరడా పెట్టి, రేపటి బ్యాచికి వాడదామని అరలో దాచాను. పొద్దున సీసా మెడ చుట్టూ నల్లటి చార. చేయి చాపబోతే మా సీనియర్ నా రెక్క పట్టుకుని గది బయటికి లాగారు. ఆ లాగుడు నాకిప్పటికీ గుర్తే. నిలవున్న కొద్దీ అందులో సిల్వర్ నైట్రైడ్ పుడుతుంది. ఆరాకే కాదు, తడిగా ఉన్నా, కాస్త కదిపితే పేలే రకం. బిరడా తిప్పినప్పటి రాపిడి చాలు. అందుకే ఏ పూట కలిపింది ఆ పూటే, కావలసినంతే కలుపు. మిగిలినదాంట్లో పలచని నైట్రిక్ ఆసిడ్ నెమ్మదిగా కలిపి, లిట్మస్ ఎర్రబడ్డాకే పక్కన పెట్టు. గంట సేపట్లో టీ తాగొచ్చి కడుగుతానంటే ఒప్పుకోను. మరచిపోయి మర్నాడు నల్ల చార కనిపిస్తే సీసా ముట్టుకోకు, పిల్లల్ని దించేసి తలుపు వేసి తెలిసినవాళ్లకి ఫోన్ చెయ్. సిగ్గుపడకు, తిట్టను.

ల్యాబుల్లో మామూలుగా ఈథర్ అనే డైఇథైల్ ఈథర్ అసలే వద్దు. 35 డిగ్రీలకే మరుగుతుంది, మన మే నెలకి మంట కూడా అక్కర్లేదు. దాని ఆవిరి గాలికన్నా బరువు, బల్ల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న దీపాన్ని వెతుక్కుంటుంది.

చక్కగా అద్దం వచ్చిన ట్యూబు ఇంటికి పట్టుకెళ్తామని ఏ పిల్లో అడుగుతుంది. లోపలి ద్రావణం ఒంపేసి, మూడుసార్లు నీళ్లతో కడిగాక ఇవ్వు. ఇంకొకటి నాకు దాచిపెట్టు.

మీ పెద్దమ్మ