ఆ ఒక్క వాక్యం గురించి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన కథ సోమవారం అందింది. రెండుసార్లు చదివానమ్మా. గల్ఫ్ నుంచి వస్తున్న తండ్రి కోసం బ్రాడీపేటలో కారు మాట్లాడుకుని గన్నవరం చేరిన కుటుంబం, విమానాశ్రయం గాజు తలుపుల వైపే చూస్తూ నిలబడ్డ చిన్న కూతురు, అంతా కళ్లకు కట్టింది. ఆ తర్వాత చక్రాలు తెరుచుకోని విమానం, పైలట్ నుదుట చెమట, రన్‌వే మీద నిప్పురవ్వలు. నాలుగు పేజీలు నడిచాక విమానం ఆగింది. ఆగగానే ఇలా రాశావు: "దేవుడి దయ వల్ల అందరూ ప్రాణాలతో బయటపడ్డారు."

నా అభ్యంతరమంతా ఆ వాక్యం మీదే. నీ భక్తిని నేను తప్పుపట్టను. కానీ "బయటపడ్డారు" అన్న మాటలో ఒక పెద్ద కథ ఉంది. ఎలా బయటపడ్డారు? ఏ తలుపులోంచి? ఎవరు ముందు, ఎవరు వెనక? విమానం ఆగేదాకా ప్రయాణికుడి చేతిలో ఉండేది చాలా తక్కువ. అతని కథ మొదలయ్యేది ఆగిన తర్వాతే. నువ్వు సరిగ్గా అక్కడే కలం దించేశావు.

విమానం కూలితే ఎవరూ మిగలరని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. అందుకే బతికిన ప్రతివాడూ మనకు అద్భుతంలా కనిపిస్తాడు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1983 నుంచి 2000 వరకు తమ విమాన సంస్థలకు జరిగిన ప్రమాదాలన్నీ లెక్కగడితే, వాటిలో చిక్కుకున్నవారిలో నూటికి 95 మందికి పైగా బతికారని తేలింది. మంటలు, తీవ్ర గాయాలు, విమానం బాగా దెబ్బతినడం మూడూ కలిసిన ఘోర ప్రమాదాలను విడిగా తీసినా, సగం మందికి పైగా బతికారు. ఇంతమంది బతికారంటే దాని వెనక ఎవరో పని చేసి ఉండాలి కదా. ఆ పనిని చూడు.

2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూనే రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొంది. ఆ చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో 379 మంది ఉన్నారు. లోపల మైకులు పనిచేయలేదు. సిబ్బంది మెగాఫోన్లు పట్టుకుని, గొంతు చించుకుని దారి చెప్పారు. ఎనిమిది తలుపుల్లో మూడింటినే వాడారు. పొగ నిండుతున్న విమానంలో, వెనక నుంచి జనం తోసుకొస్తుంటే, బయట మంట ఉందేమో చూసి ఈ తలుపు తెరవకూడదని నిశ్చయించుకోవడానికి ఎంత నిబ్బరం కావాలో ఊహించు. దిగిన సుమారు 18 నిమిషాలకు కెప్టెన్ అందరికంటే చివరగా బయటికి వచ్చాడు. 379 మందీ బతికారు. విమానం కాలిపోయింది.

దాదాపు అందరూ సంచులు లోపలే వదిలి దిగారు. నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన పని అదే. మన పండిట్ నెహ్రూ బస్టాండులో చూడు, బస్సు ఆగకముందే లేచి పైన సామాను లాగుతాం. అదే చెయ్యి విమానంలోనూ పైకి లేస్తుంది. కొత్త రకం విమానానికి అనుమతి రావాలంటే, సగం తలుపులే వాడుతూ, చీకట్లో, నిండు విమానాన్ని 90 సెకన్లలో ఖాళీ చేయించగలమని తయారీదారులు నిరూపించాలి. ఆ లెక్కలో ఎవరూ సంచి పట్టుకుని దిగరు. ఒకడు సంచి దింపుతూ నిలబడితే ఆ ఇరుకు నడవలో అతని వెనకవాళ్లంతా ఆగిపోతారు. సంచి అంచు తగిలితే, తలుపు నుంచి నేలకు జారి దిగడానికి గాలితో ఉబ్బే స్లైడ్ చిరగవచ్చు.

నీ కథలో తండ్రి సంచిలో చిన్న కూతురికి తెచ్చిన నాలుగు బంగారు గాజులున్నాయని రెండో పేజీలో చెప్పావు. తర్వాత మరచిపోయావు. నీ కథ ఆ గాజుల్లో ఉందమ్మా. ఎన్నేళ్ల కూలి అది! ఆయన చెయ్యి పైకి లేస్తుంది. ఎయిర్ హోస్టెస్ అరుస్తుంది. వెనక ఎవరో పసిబిడ్డను ఎత్తుకుని నిలబడి ఉన్నారు. ఆ రెండు సెకన్లకు రెండు పేజీలు ఇవ్వు. పైలట్ చెమటకు నాలుగు పంక్తులు చాలు.

సెకన్లు ఎందుకంటే, పొగ వల్ల. 1985 ఆగస్టులో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒక విమానం గాల్లోకి లేవనే లేదు. పరుగు తీస్తుండగా ఇంజిను పగిలి మంటలు రేగాయి, పైలట్లు ఆపేశారు. అయినా 137 మందిలో 55 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగ పీల్చే. నేల మీద క్షేమంగా నిలిచిన విమానంలో అంతమంది పోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. పొగ పైనుంచి కిందికి నిండుతుంది, అందుకే వంగి నడవమంటారు. తలుపు కనబడదు. ఎక్కగానే తలుపు దాకా ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకున్నవాడు సీట్లు తడుముకుంటూ వెళ్లగలడు. నేను హైదరాబాద్ ప్రయాణంలో కూడా లెక్కపెడతాను.

చిన్న సంగతులు మరికొన్ని. తల ముందు సీటుకు ఆనించి, పాదాలు నేలకు అదిమి వంగమనేది తలా కాళ్లూ కాపాడుకోవడానికి. కాలు విరిగితే తలుపు దాకా నడవలేం. బెల్టు విప్పేటప్పుడు కంగారులో కారులోలాగా బొత్తాం కోసం వెతుకుతారు, విమానంలో మూత పైకెత్తాలి. నీ కథలో తండ్రి వేళ్లు ఆ మూత మీద తడబడనీ. 1996లో ఇథియోపియా విమానం కొమొరోస్ దగ్గర సముద్రంలో పడినప్పుడు, చాలామంది లోపలే లైఫ్ జాకెట్లు ఉబ్బించుకున్నారు. నీళ్లు నిండేసరికి పైకప్పుకు తేలి, మునిగి బయటికి ఈదలేకపోయారు.

నీ కథలో తండ్రిని 11ఏ సీటులో ఎందుకు కూర్చోబెట్టావో తెలిసింది. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో కూలిన విమానంలోని 242 మందిలో బతికిన ఒకే ఒక్కరు కూర్చున్న సీటు అది. మార్చెయ్యి. ఒక్క ప్రమాదం నుంచి సీటు అదృష్టం తయారుచేయకూడదు. మిగతా 241 మంది ఇళ్లలోనూ పాఠకులు ఉంటారు.

చివరిగా, నీ కథలో విమానం బయట మనుషులే లేరు. 2020 ఆగస్టు 7 రాత్రి కోళికోడ్‌లో దుబాయ్ నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలోకి జారి విరిగింది. 190 మందిలో 21 మంది పోయారు. కరోనా భయం, జోరువాన. అయినా చుట్టుపక్కలవాళ్లు పరుగెత్తుకొచ్చి గాయపడ్డవారిని తమ చేతులతో మోశారు, ఆ రాత్రే రక్తం ఇవ్వడానికి వరుసలో నిలబడ్డారు. గన్నవరం విమానాశ్రయం దగ్గరి కేసరపల్లివాళ్లు రారంటావా? వస్తారు. వాళ్లను రానివ్వు.

ఆ తర్వాత తండ్రి గాజు తలుపు దాటి ఖాళీ చేతులతో ఆ పిల్ల ముందుకు రావాలి. ఆ పిల్ల ముందుగా ఏమంటుందో నాకు రాసి పంపు.