చిన్న వయసులో మెరిసిన ఫుట్‌బాల్ ఆటగాళ్లు మధ్యలోనే ఎందుకు కనుమరుగవుతారు?

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో అదరగొట్టే మీ తమ్ముడు ఈమధ్య ప్రాక్టీస్ ఎగ్గొడుతున్నాడని, ఇది బద్ధకమేనా అని అడిగారు. ఆ మాట అనే ముందు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు డెలే అలీ గురించి తెలుసుకోండి.

లండన్ క్లబ్ టోటెన్‌హామ్‌కు ఆడుతూ 2016, 2017లో వరుసగా ఇంగ్లండ్‌లో ఉత్తమ యువ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. 2018 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో స్వీడన్‌పై గోల్ కొట్టేనాటికి 22 ఏళ్లు. తర్వాత ఫామ్ పోయింది, సోమరి అన్న మాట పడ్డాడు. 2023 జులైలో నోరు విప్పాడు: తల్లి తాగుడు, ఆరేళ్లప్పుడు లైంగిక వేధింపు, ఎనిమిదేళ్లకే డ్రగ్స్ అమ్మడం, పెద్దయ్యాక నిద్రమాత్రలకు అలవాటు పడటం. వింటే కడుపు తరుక్కుపోతుంది. బ్రెజిల్ ఆటగాడు అడ్రియానో కూడా 2004లో తండ్రి చనిపోయాక తాగుడులో పడిపోయాడు.

గోల్స్ పడుతున్నంతకాలం కుర్రాడి మనసులో ఏముందో ఎవరూ అడగరు. గాయమైనా, బెంచ్ మీద కూర్చోబెట్టినా అణచుకున్న బాధంతా ఒక్కసారి పైకి వస్తుంది. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని టెన్షన్, అందుకే దాచుకుంటారు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే.

అందుకని మీ తమ్ముణ్ణి స్కోరు గురించి కాకుండా నిద్ర పడుతోందా, అన్నం సరిగ్గా తింటున్నాడా, ఎవరైనా వేధిస్తున్నారా అని నిదానంగా అడగండి. మీతో చెప్పకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.